నేర న్యాయ సంస్కరణకి లెక్కలు కావాలంటున్నారు: ఏ లెక్కలు, ఎవరి లెక్కలు?

కొత్తచూపు (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదలు.

మా జైలు కిక్కిరిసి ఉంది. అందుకని కోర్టు, పోలీసు, జైలు, న్యాయసహాయం, ఆసుపత్రి, ఒక్కో చోటి నుంచి ఒకరిద్దర్ని తీసుకుని స్థానికంగా ఒక సంఘం వేశారు. "ఎవరికి తోచింది వాళ్లు చెప్పడం కాదు, పరిశోధన, డేటా చూసి సంస్కరణలు చేద్దాం" అన్నారు. వినడానికి బాగుంది. నాకు ఎక్సెల్ వచ్చు కాబట్టి నన్ను అందులో పడేశారు.

నాలుగు శాఖల నుంచి నాలుగు ఫైళ్లు వచ్చాయి. ఒకదాంట్లో మనిషికో నంబరు, ఇంకోదాంట్లో కేసుకో నంబరు. మూడోదాంట్లో నంబర్లే లేవు, పేర్లున్నాయి, అవీ ఒకే మనిషికి మూడు స్పెల్లింగులు. నాలుగోది స్కాన్ చేసిన కాగితాల బొమ్మలు.

మొదటి మీటింగులో ఒకాయన నేరాలు ఎక్కడ ఎక్కువో మ్యాపు గీయమన్నారు. గీశాను. అన్నిటికంటే పెద్ద ఎర్రచుక్క ఎక్కడ పడిందో తెలుసా? సరిగ్గా పోలీస్ స్టేషన్ మీద. ఆరా తీస్తే తేలిందేమిటంటే, సంఘటన జరిగిన చోటు తెలియకపోతే ఆ గడి ఖాళీగా వదలడం కుదరదు, సాఫ్ట్‌వేర్ ముందుకు పోనివ్వదు. అందుకని డ్యూటీలో ఉన్నవాళ్లు స్టేషన్ చిరునామానే కొట్టేస్తున్నారు.

ఇప్పుడు నాకు ఈ ఫైళ్లలో ఏ గడినీ నమ్మబుద్ధి కావడం లేదు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

రేకులడబ్బా

మ్యాపు అబద్ధమే చెప్పిందని అంత గట్టిగా ఎలా అంటున్నారండీ :)

గుమాస్తాగిరి

కొత్తచూపు గారూ, కోర్టు ఆఫీసులో ముప్ఫై ఏళ్లు పనిచేసి దిగినవాణ్ణి. మీ చుక్క చూసి నవ్వొచ్చింది, వెంటనే సిగ్గూ వేసింది. అలాంటి చుక్కలు మేమూ చాలా పెట్టాం.

ముందు ఒక పని చేయండి. ఒక్క గడి పట్టుకోండి: "విడుదల తేదీ". దాన్ని నింపేవాళ్ల పక్కన కుర్చీ వేసుకుని ఒక పూట కూర్చోండి. బెయిల్ మంజూరైన రోజు ఒకటి. పూచీకత్తు కాగితాలు ఒప్పుకున్న రోజు ఇంకొకటి. ఆ ఉత్తర్వు జైలుకి చేరిన రోజు మూడోది. మనిషి గేటు దాటిన రోజు నాలుగోది. గడి మాత్రం ఒక్కటే! మా ఆఫీసులో ఒకరు మొదటిది రాసేవారు, ఆయన సెలవు పెడితే వచ్చినవారు మూడోది రాసేవారు. ఏడాది చివర పైవాళ్లు సగటు తీసి "బెయిల్ ప్రక్రియ వేగం పుంజుకుంది" అని నివేదిక పంపేవారు. వేగం పుంజుకోలేదు బాబూ, మనిషి మారాడు అంతే. వాపుని చూసి బలుపు అనుకోవడమంటే ఇదే.

కాబట్టి ఫైళ్లు శుభ్రం చేయడానికి ముందు, వాటిని రాసే చేతుల్ని చూడండి.

సగటుమనిషి

గుమాస్తాగిరి గారు చెప్పింది బంగారం. దాని పక్కనే ఒక చిన్న సూత్రం పెడతాను. గణాంకాలు నా వృత్తి కాబట్టి ఓపిక పట్టండి.

జైల్లో సగటున ఎంతమంది ఉంటారన్నది రెండే అంకెల గుణకారం: రోజుకి ఎంతమంది లోపలికి వస్తున్నారు, ఒక్కొక్కరు సగటున ఎన్ని రోజులు ఉంటున్నారు. 1961లో జాన్ లిటిల్ అనే ఆయన క్యూల గురించి నిరూపించిన సూత్రమే ఇది. బ్యాంకు వరసకైనా, జైలుకైనా ఒకటే.

ఉదాహరణకి రోజుకి పది మంది వస్తూ, సగటున 30 రోజులు ఉంటే జైల్లో 300 మంది. ఇప్పుడు ఆ పది మందిలో తొమ్మిది మంది రెండేసి రోజుల్లో బయటపడుతున్నారనుకోండి. వాళ్లు పట్టే చోటు 18 పడకలే. మిగతా 282 పడకలు రోజుకి ఒక్కడు చొప్పున వచ్చి నెలల తరబడి ఉండిపోయేవాళ్లవి. చిన్న కేసుల్లో అరెస్టులు సగానికి తగ్గించినా మీకు మిగిలేది తొమ్మిది పడకలు. (అలాగని ఆ అరెస్టులు తగ్గించొద్దనను. రెండు రోజులు లోపలుంటే చాలు, కొందరి కూలిపని ఊడిపోతుంది. కానీ అది వేరే కారణం, వేరే లెక్క.)

"జైలు నిండిపోయింది" అని ఊరుకుంటే కుదరదు. వచ్చేవాళ్లు పెరిగారా, ఉండే రోజులు పెరిగాయా? ఒక రోజు జైల్లోకెళ్లి తలలు లెక్కపెడితే దీర్ఘకాలం ఉన్నవాళ్లే కళ్లకి కనబడతారు. ఏడాది రిజిస్టరు తిరగేస్తే వచ్చిపోయేవాళ్లే కనబడతారు. రెండు లెక్కలూ నిజమే, చెప్పే కథలు మాత్రం వేరు.

ఇదే తేడాతో అమెరికాలో పెద్ద గొడవే నడిచింది. 2005లో 30 రాష్ట్రాల్లో విడుదలైన ఖైదీల్ని గమనిస్తే, మూడేళ్లలో మూడింట రెండొంతుల మంది మళ్లీ అరెస్టయ్యారని ప్రభుత్వ లెక్క. అది విని "ఎవరూ మారరు" అనేశారు జనం. తరవాత 2014 ప్రాంతంలో రోడ్స్, ఆయన సహచరులు ఇంకోలా లెక్కగట్టారు. ఏదో ఒక ఏడాది విడుదలైనవాళ్లని తీసుకుంటే అందులో పదే పదే వచ్చిపోయేవాళ్లు ఎక్కువ మోతాదులో పడతారు. ఒక మనిషిని ఒక్కసారే లెక్కపెడితే, జైలుకెళ్లి వచ్చినవాళ్లలో మూడింట రెండొంతుల మంది మళ్లీ జైలు ముఖమే చూడలేదని తేలింది. పైగా మొదటి లెక్క "మళ్లీ అరెస్టు", రెండోది "మళ్లీ జైలు". మీ సంఘంలో ఎవరైనా "తిరిగి నేరం చేసినవాళ్ల శాతం" అంటే, అరెస్టా, శిక్షా, జైలా, ఎన్నేళ్లలో, ఎవరిలో అని అడక్కుండా వదలకండి.

తెల్లకాగితం

నేను నిందితుల తరఫున వాదించే లాయర్ని. మీ అందరి ఉత్సాహం మీద చన్నీళ్లు పోస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు.

"డేటా ఆధారిత సంస్కరణ" పేరుతో చివరికి వచ్చేది ఏమిటో నాకు తెలుసు: ఒక స్కోరు. ఇతను ప్రమాదకరం, ఇతను కాదు. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్టు, యంత్రం ఏడు అంటే జడ్జి లోపలేస్తారు.

2016లో ప్రొపబ్లికా అనే వార్తాసంస్థ విలేకరులు ఫ్లోరిడాలోని బ్రొవార్డ్ కౌంటీలో, నిందితులు మళ్లీ నేరం చేస్తారేమో అంచనా వేసే కాంపాస్ అనే స్కోరుని పరీక్షించారు. తరవాత ఏ నేరమూ చేయనివాళ్లని చూస్తే, వాళ్లలో నల్లజాతివారికి "హై రిస్క్" ముద్ర పడటం తెల్లవారితో పోలిస్తే దాదాపు రెట్టింపు. అదే ఏడాది లమ్, ఐజాక్ అనే ఇద్దరు కాలిఫోర్నియాలోని ఓక్లండ్ పోలీసుల డ్రగ్స్ కేసుల రికార్డుని ఒక నేర అంచనా పద్ధతికి తినిపించి చూశారు. సర్వేల అంచనా ప్రకారం డ్రగ్స్ వాడకం నగరమంతా పరుచుకుని ఉంది. యంత్రం మాత్రం పోలీసుల్ని మళ్లీ అవే నల్లజాతి, పేద పేటలకి పంపమంది. ఎక్కడ వెతికారో అక్కడే దొరికింది, ఎక్కడ దొరికిందో అక్కడే మళ్లీ వెతకమంది.

పోలీసు రికార్డు నేరాల చిట్టా కాదండీ. పోలీసులు చేసిన పనుల చిట్టా.

సగటుమనిషి

> యంత్రం ఏడు అంటే జడ్జి లోపలేస్తారు

తెల్లకాగితం గారూ, "పోలీసులు చేసిన పనుల చిట్టా" అన్న మీ చివరి వాక్యం ఫ్రేము కట్టించుకోవచ్చు. కానీ కాంపాస్ కథలో ఇంకో సగం ఉంది. దాన్ని తయారుచేసినవాళ్ల వాదన ఏమిటంటే, ఒకే స్కోరు వచ్చిన నల్లవారూ తెల్లవారూ దాదాపు ఒకే శాతంలో మళ్లీ అరెస్టయ్యారు, కాబట్టి స్కోరు సమానమే అని. ఎవరి లెక్క తప్పు? ఎవరిదీ కాదు. రెండు గుంపుల్లో మళ్లీ అరెస్టయ్యే శాతాలే వేరైనప్పుడు ఈ రెండు రకాల సమానత్వాలూ ఒకేసారి కుదరవని క్లైన్‌బర్గ్ బృందమూ, చోల్డెకోవా విడిగానూ గణితంతో చూపించారు. ఏ తప్పుని ఎక్కువ భరిస్తామన్నది మనుషులు తేల్చుకోవాల్సిందే. ఎక్సెల్ తేల్చదు.

ఇంకో ముచ్చట. కాంపాస్‌కి 137 వివరాలు ఇస్తారు. 2018లో డ్రెసెల్, ఫరీద్ వయసు, పాత శిక్షల సంఖ్య, ఈ రెండే తీసుకుని చిన్న లెక్క కడితే కచ్చితత్వం ఇంచుమించు అంతే వచ్చింది. మిగతా 135 దేనికో మరి!

నీలిగోళీ

రిటైర్డ్ పోలీసుని. తిట్లన్నీ మాకే పడుతున్నాయి కాబట్టి రెండు ముక్కలు.

పరిశోధన అంటే మాకు పడదనుకోకండి. పోలీసు పనిలో మొట్టమొదటి పెద్ద ప్రయోగాల్లో ఒకటి 1972-73లో అమెరికాలోని కాన్సస్ సిటీలో ఆ శాఖ సాయంతోనే జరిగింది. 15 బీట్లని మూడు భాగాలు చేశారు. ఒకచోట మామూలు గస్తీ, ఒకచోట రెండు మూడింతలు, ఇంకోచోట గస్తీయే లేదు, పిలిస్తే వెళ్లడమే. ఏడాది చూస్తే నేరాల్లోనూ, జనం భయంలోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఊరికే కార్లలో తిరిగితే నేరాలు తగ్గుతాయన్న మా నమ్మకం మీద మేమే నీళ్లు చల్లుకున్నాం.

తరవాత మినియాపొలిస్‌లో పోలీసులకి వచ్చిన ఫోన్లన్నీ చిరునామాల వారీగా పేర్చితే, సగం ఫోన్లు 3 శాతం చిరునామాల నుంచే వచ్చాయి. 1989లో షెర్మన్ బృందం అచ్చువేసింది. "ఆ పేట చెడ్డది" అంటాం చూడండి, అది తప్పు. ఆ పేటలోనూ చాలా వీధుల్లో ఏమీ జరగదు. ఒక మూల, ఒక బార్, ఒక బస్టాప్.

ఇక అంకెల బాధ. న్యూయార్క్‌లో 1994లో కాంప్‌స్టాట్, అంటే నేరాల అంకెలు ముందుపెట్టి కమాండర్లని మీటింగుల్లో నిలదీసే పద్ధతి, మొదలయ్యాక ప్రతి కమాండరూ తన అంకెలకి తనే జవాబుదారీ అయ్యాడు. మంచిదే. కానీ నా సర్వీసులో నేను చూసింది చెబుతాను. అంకె తగ్గకపోతే మీటింగులో నిలబెట్టి కడిగేస్తారని తెలిస్తే, కింద కౌంటర్లో ఫిర్యాదు రాసే చెయ్యి దానంతటదే మెత్తబడుతుంది. దోపిడీ కాస్తా "వస్తువు పోయినది" అవుతుంది. ఎవరూ ఆర్డరు వేయరు. వేయక్కర్లేదు.

రేకులడబ్బా

అందుకే అంటాను, పోలీసు లెక్క ఒక్కటే పెట్టుకుంటే ఒంటికన్నుతో చూసినట్టే. ఆసుపత్రి లెక్క ఏమైంది? సంఘంలో ఆసుపత్రివాళ్లూ ఉన్నారన్నారుగా.

ఉదయరాగం

రేకులడబ్బా గారు ఈసారి నిజంగానే మంచి మాటన్నారు :)

నేను ఆసుపత్రి అత్యవసర విభాగంలో నర్సుని. బ్రిటన్‌లోని కార్డిఫ్ నగరంలో పుట్టిన కార్డిఫ్ పద్ధతి గురించి వినే ఉంటారు. జోనథన్ షెపర్డ్ అనే సర్జన్, దెబ్బలు తిన్న ముఖాలకి ఆపరేషన్లు చేసే ఆయన, తన దగ్గరికొచ్చినవాళ్లలో చాలామంది గొడవలు పోలీసులదాకా పోలేదని గమనించారు. కొందరికి భయం, కొందరికి విసుగు, కొందరు తామూ రెండు తగిలించి వచ్చినవాళ్లే. దాంతో రిసెప్షన్‌లోనే రెండు మూడు ప్రశ్నలు అడిగే ఏర్పాటు చేశారు: సరిగ్గా ఎక్కడ జరిగింది, ఎప్పుడు, దేంతో కొట్టారు. పేరు తీసేసి ఆ వివరాలు ప్రతి నెలా నగరపాలనకీ పోలీసులకీ వెళ్లేవి. ఏ క్లబ్బు బయట, ఏ వీధిలో, సీసాతోనా పిడికిలితోనా అని తెలిసింది. 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన విశ్లేషణ ప్రకారం, అలాంటి ఇతర నగరాలతో పోలిస్తే కార్డిఫ్‌లో కొట్లాట దెబ్బలతో ఆసుపత్రిలో చేరేవాళ్లు బాగా తగ్గారు.

కానీ ఆ ప్రశ్న అడిగేది ఎవరో తలుచుకోండి. రాత్రి రెండింటికి, ముక్కు నుంచి రక్తం కారుతున్నవాడిని "ఏ చోటండీ?" అంటే "అదే, ఆ సందులో" అంటాడు. "ఏ సందు? పక్కన ఏముంది?" అని ఇంకోసారి అడగాలి. వెనక ఇంకో ఐదుగురు ఆగి ఉంటారు. ఆ రెండో ప్రశ్న అడిగే ఓపిక కౌంటర్లో ఉన్నమ్మాయికి ఉంటేనే మీ మ్యాపులో చుక్క పడేది. ఆమె రాసింది ఎక్కడికెళ్తోందో, దానివల్ల ఏం మారిందో ఆమెకి ఎవరైనా చెప్పాలి. మాకు ఎవరూ చెప్పలేదు. ఆరు నెలలకి ఆ గడిలో అందరమూ "రోడ్డు" అని రాయడం మొదలెట్టాం.

గుమాస్తాగిరి

"రోడ్డు"! అమ్మా, దండం.

తెల్లకాగితం

ఇది నాకు నచ్చింది. ఎందుకంటే ఇక్కడ మ్యాపు పడింది చోటు మీద, మనిషి మీద కాదు. డేటాతో నా పేచీ అంతా అక్కడే.

ఇంకో సందేహం ఉంది. ఎక్కడో పనిచేసిందని తెచ్చి మన దగ్గర పెట్టేస్తారు. అది మన దగ్గరా పనిచేస్తుందని ఎవరు చెప్పారు?

సగటుమనిషి

ఆ సందేహానికి పాఠ్యపుస్తకం లాంటి కథ ఉంది. మళ్లీ మినియాపొలిసే. 1981-82లో భార్యని కొట్టిన కేసుల్లో పోలీసులు ఏం చేయాలన్నది చీటీ తీసినట్టు నిర్ణయించారు: అరెస్టు, లేదా సర్దిచెప్పడం, లేదా కాసేపు ఇంట్లోంచి పంపేయడం. అరెస్టు చేసినచోట మళ్లీ కొట్టడం తగ్గింది. 1984లో షెర్మన్, బెర్క్ ప్రచురించగానే అమెరికా అంతా తప్పనిసరి అరెస్టు నిబంధనలు ఊపందుకున్నాయి. తరవాత ఒమాహా, షార్లెట్, మిల్వాకీ వగైరా నగరాల్లో అదే ప్రయోగం మళ్లీ చేస్తే ఫలితాలు కలగాపులగం. మిల్వాకీలో ఉద్యోగం ఉన్నవాళ్లు అరెస్టుతో తగ్గారు, నిరుద్యోగులు ఇంకా పేట్రేగారు. ఒక నగరం ఫలితం చూసి చట్టాలు మార్చేశారు, మిగతా నగరాల ఫలితాలు వచ్చేసరికి ఆ చట్టాలు పాతుకుపోయాయి.

స్కేర్డ్ స్ట్రెయిట్ ఇంకా ఘోరం. పిల్లల్ని జైలుకి తీసుకెళ్లి ఖైదీలతో హడలగొట్టించడం. చూసినవాళ్లందరికీ అద్భుతంగా తోచింది. పెట్రోసినో బృందం 9 ప్రయోగాల్ని కలిపి చూస్తే, వెళ్లని పిల్లలకంటే వెళ్లినవాళ్లే ఎక్కువ నేరాలు చేశారు. ఏమీ చేయకుండా ఉన్నా నయమే! "మంచి చేస్తున్నాం కదా, మళ్లీ కొలవడం దేనికి" అనేవాళ్లకి నేను చెప్పేది ఇదొక్కటే.

ఉదయరాగం

చీటీ తీసి కొందరికి సాయం చేసి కొందరికి చేయకపోవడం మాత్రం నాకు మింగుడు పడదు. మనుషుల మీద ప్రయోగమేమిటి?

నీలిగోళీ

అమ్మా, ఏ ఆధారమూ లేకుండా అందరిమీదా ఒకేసారి రుద్దడం కూడా ప్రయోగమేగా. కాకపోతే దాని ఫలితం ఎవరూ రాసుకోరు.

సగటుమనిషి

ఇద్దరిదీ న్యాయమే. మధ్యదారి ఏమిటంటే, ఎలాగూ అందరికీ ఒకేసారి ఇచ్చే స్తోమత ఉండదు. ఎవరికి ముందు, ఎవరికి తరవాత అన్నది పలుకుబడి చూసి కాకుండా చీటీ తీసి తేల్చండి. చివరికి అందరికీ అందుతుంది, మధ్యలో పోలికా దొరుకుతుంది. బలవంతం ఉన్నచోట, అంటే జైలు, అరెస్టు లాంటి వాటిలో, ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఒక ఫోన్ మెసేజ్ పంపడానికి మాత్రం అంత మథనం అక్కర్లేదు.

కొత్తచూపు

ఇంతమంది ఇంత ఓపిగ్గా రాసినందుకు ముందు కృతజ్ఞతలు. సగటుమనిషి గారు మెసేజ్ అన్నారు కాబట్టి అడుగుతున్నా: న్యూయార్క్‌లో ఏదో చేశారని విన్నాను, వివరాలు తెలుసా?

సగటుమనిషి

తెలుసు, నాకిష్టమైన పరిశోధన అది. చిన్న తప్పులకి చేతికిచ్చే సమన్ల కాగితం ఉంటుంది. చాలామంది ఆ తేదీకి వచ్చేవారు కాదు. రాకపోతే వెంటనే అరెస్టు వారంటు. అందరూ "తప్పించుకు తిరుగుతున్నారు" అనుకున్నారు. పరిశోధకులు ముందు ఆ కాగితాన్నే చూశారు. రావాల్సిన తేదీ, చోటు పైకి తెచ్చారు. రాకపోతే వారంటు పడుతుందన్న మాట ముందువైపే సూటిగా పెట్టారు. ఆ మార్పుతోనే రానివాళ్లు 13 శాతం తగ్గారు. వాయిదాకి ముందు ఫోన్‌కి గుర్తుచేసే మెసేజ్‌లు పంపితే మెసేజ్ అందనివాళ్లతో పోలిస్తే 21 శాతం తగ్గారు. 2020లో సైన్స్ పత్రికలో వచ్చింది. (రెండూ రానివాళ్లలో తగ్గిన వాటా, సమన్లు అందుకున్న మొత్తం మందిలో కాదు. "నూటికి 21 మంది కొత్తగా వచ్చారు" అని మీటింగులో చెప్పేయకండి.)

మూలం ఇంకా పాతదే. 1961లో అదే న్యూయార్క్‌లో, వెరా అనే సంస్థ లా విద్యార్థుల్ని పంపి, అరెస్టయినవాళ్లకి ఇల్లు, పని, కుటుంబం ఉన్నాయా అని అడిగించింది. వేళ్లూనుకుని ఉన్నవాళ్లని డబ్బు కట్టకుండానే వదలమని జడ్జీలకి సిఫార్సు చేసింది. వదిలినవాళ్లలో అత్యధికులు చెప్పిన రోజుకి వచ్చారు. 1966 నాటి అమెరికా బెయిల్ సంస్కరణ చట్టానికి దారి అక్కడే పడింది.

తెల్లకాగితం

నా క్లయింటు ఒకాయన రెండుసార్లు వాయిదా ఎగ్గొట్టాడని వారంటు పడింది. అడిగితే జేబులోంచి కాగితం తీశాడు. మడతలు పడిన చోటే తేదీ. ముద్ర సరిగ్గా దానిమీదే కొట్టారు. 3వ తేదీయా 8వ తేదీయా నాకూ తెలియలేదు. స్కోరు లెక్కలో అతను "రెండుసార్లు పరారీ" కింద వస్తాడు.

అందుకని కొత్తచూపు గారూ, మీ సంఘంలో ఎవరు రాలేదని కాదు, ఎందుకు రాలేదని ఒక గడి పెట్టించండి. స్కోర్ల సంగతి తరవాత కొట్టుకుందాం.

నిర్వాహకురాలు

చర్చ బాగా సాగుతోంది. ఒక్క మనవి: మధ్యలో ఒకరు ఒక కేసు నంబరు, నిందితుడి పేరు పెట్టారు, తీసేశాను. డేటా గురించి మాట్లాడుతూ అదే పని చేయకండి.

కొత్తచూపు

రెండు వారాలకి మళ్లీ వచ్చాను. గుమాస్తాగిరి గారి మాట ప్రకారం కుర్చీ వేసుకుని కూర్చున్నాను, ఒక పూట కాదు, నాలుగు రోజులు. పాత ఫైళ్లు 50 తీసి, ఒక్కొక్కరికీ ఆ నాలుగు తేదీలూ చేత్తో రాసుకున్నాను. 50 చాలదని సగటుమనిషి గారు అంటారని తెలుసు.

బెయిల్ మంజూరుకీ పూచీకత్తుకీ మధ్య రోజులు పోవడం ఊహించిందే. ఊహించనిది ఏమిటంటే, కాగితాలన్నీ సరిపోయాక కూడా కొందరు రెండు మూడు రోజులు లోపలే ఉన్నారు. ఎందుకో ఏ గడీ చెప్పలేదు. ఉత్తర్వుల సంచి మోసుకెళ్లే ఉద్యోగి చెప్పాడు. సాయంత్రం ఐదు దాటాక సంతకమైనవి మర్నాటి సంచిలో వెళ్తాయి. వారాంతంలో సంచే వెళ్లదు. జడ్జిగారు సంతకాలకి కూర్చునేదేమో రోజూ ఐదున్నరకి.

స్కోరు కొనాలన్న ప్రతిపాదన ఈసారి ఎజెండాలో ఉంది. దానికి ముందు నా పేజీ ఒకటి పెట్టమని అడిగాను: సంతకాల వేళ మధ్యాహ్నానికి మార్చడం, నాలుగు తేదీలకి నాలుగు గడులు, చోటు గడిలో "తెలియదు" అని రాసే వీలు. సంతకాల వేళ ముందు ఒక కోర్టులో మార్చి, రెండు నెలలాగి రెండో కోర్టులో మార్చమన్నాను, పోలిక కోసం.

సగటుమనిషి

50 చాలదు :) కానీ సంచి కనబడటానికి ఒక్కటి చాలు. ఏ కోర్టు ముందో చీటీ తీయండి, మీరు ఎంచకండి.

గుమాస్తాగిరి

ఆ సంచి నేనూ మోశాను, ఉద్యోగంలో చేరిన కొత్తలో. ఒక్క మాట అడుగుతాను. "గేటు దాటిన సమయం" అని గడి పెడుతున్నారు కదా, దాన్ని నింపేది ఎవరు?

కొత్తచూపు

గేటు దగ్గర గార్డు. రేపు ఆయన పక్కన కుర్చీ వేసుకుంటున్నాను.